ఏడో దెబ్బ ఎవరు మింగారు?

పొద్దున్నే బల్ల మీద రెండు చెంచాలు మోగుతున్నాయంటే ఆ ఇంట్లో నాన్న లేచాడని అర్థం. ఆరు దెబ్బలు బల్ల మీద, ఏడోది కాఫీ కప్పు అంచు మీద. ఊళ్లోవాళ్లకి కారు నడపడం నేర్పే మనిషి, తను రోడ్డెక్కేలోపు ఇంట్లోవాళ్ల చెవుల మీదుగా ఒక చుట్టు తిరిగొస్తాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే, కప్పు పగిలితే కొత్తది కొనేది లేదంది. ఆ మాట ఆమె రోజూ అంటుంది, ఆయన రోజూ వినడు. పాలు పొంగబోయే ముందు ఆమె ఎడమచెయ్యి దానంతటదే గాలిలోకి లేచింది. చెంచాలు టక్కున ఇంకో నడకలోకి మారాయి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కాబట్టి కూతురికి అందులో వింతేమీ కనపడలేదు.

ఆ రోజు మాత్రం చెంచాలకు పూనకం వచ్చింది. ముందురోజు సాయంత్రం వచ్చిన ఫోనే కారణం. నాన్న కుర్రతనంలో ముగ్గురు కలిసి పెట్టిన రాక్ బ్యాండు పేరు నీటి గడియారం. వాళ్లు చేసిన ఒకే ఒక్క రికార్డు అప్పట్లో చుట్టాలు కూడా కొనలేదు. ఇప్పుడు ఎక్కడెక్కడి కుర్రాళ్లో దాన్ని వెతికి పట్టుకుని తలకెత్తుకున్నారు. ఒక చిన్న రికార్డుల కంపెనీ దాన్ని మళ్లీ విడుదల చేస్తానంది. రెండే షరతులు. వచ్చే నెల పెద్ద హాల్లో ముగ్గురూ కలిసి ఆ రికార్డు మొత్తం వాయించాలి. రికార్డుతో పాటు అచ్చువేయడానికి బ్యాండు చరిత్ర రాసిచ్చి, ముగ్గురూ సరేనని సంతకం పెట్టాలి.

చరిత్ర రాసే పని కూతురి మీద పడింది. ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. రేడియో స్టేషన్లో ధ్వని సరిచేసే ఉద్యోగం, నోరు మాత్రం పేరుకు తగ్గట్టే ఊరుకోదు. రాత్రంతా ఆ ఉత్సాహంలో ఆమెకు నిద్ర పట్టలేదు.

"రాయి, బాగా రాయి," అన్నాడు నాన్న, అమ్మ పొయ్యి కట్టేసి లోపలికి వెళ్లాక చెంచాలు పక్కన పెట్టి. "కానీ ఏడో దెబ్బ మింగింది నేను కాదని రాయి. అది లేకపోతే నేను సంతకం పెట్టను."



ఆ ఏడో దెబ్బ కథ తెలియాలంటే ఆ ముగ్గురి సంగతి తెలియాలి. నాన్న డ్రమ్ములు. అమ్మకు స్వయానా తమ్ముడు, అంటే పిచ్చుకకు మావయ్య, ఆర్గన్. ఇప్పుడాయనకు బజార్లో కళ్లద్దాల షాపుంది. మూడోవాడు బేస్ గిటారు వాయిస్తూ పాడేవాడు. పాడేటప్పుడు తప్ప నోరు విప్పడు కనక మౌని అనే పేరు పడిపోయింది. తర్వాత పళ్ల డాక్టరై, ఎదుటివాళ్ల నోళ్లు తెరిపించి బతుకుతున్నాడు.

మూడు నిమిషాల్లో ముగిసిపోతే అది మామూలు రాక్ పాట. వీళ్లది ప్రోగ్రెసివ్ రాక్. పాట రికార్డుకి ఒక వైపంతా పాకాలి. అందులో ఒక కథ నడవాలి. వినేవాడు కాలితో తాళం వేయబోతే కాలు బెణకాలి. వీళ్ల పాటలో ఒకరోజు సముద్రం వెనక్కి వెళ్లిపోతుంది, పడవలవాడు దాని వెంట నడుచుకుంటూ పోతాడు. ఏడేసి దెబ్బల్లో మొదలై, ఐదుల్లోకి, పదకొండుల్లోకి తిరిగి, మళ్లీ ఏడుకి వచ్చే పాట అది. సరిగ్గా పడవలవాడు సముద్రం అడుగున తడిలేని నేలని చూసేచోట, రికార్డులో ఒక దెబ్బ లేదు. ఆరు పడతాయి, ఏడోది పడకుండా పాట ముందుకు దూకేస్తుంది. స్టూడియో ఒక్క మధ్యాహ్నానికే అద్దెకు దొరకడంతో రెండోసారి వాయించే వీల్లేకపోయింది. ఆ పోయిన దెబ్బ కుర్రాళ్లకి ప్రాణం. అది సముద్రం ఊపిరి బిగబట్టడమని ఒకడు, మనిషి ఒంటరితనమని ఇంకొకడు పేజీలకు పేజీలు రాశారు.

బావాబావమరుదులకి మాత్రం అది ఒంటరితనం కాదు, తప్పు. ఎవరిదంటే ఎదుటివాడిది. రికార్డు వచ్చాక జరిగిన కచేరీలో అదే చోట ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగడంతో, పాట నడిబజార్లో బండిలా నిలబడిపోయింది. జనం నవ్వారు. మావయ్య కోటు భుజాన వేసుకుని వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి అక్క ఇంటి గడప తొక్కలేదు. పిచ్చుకకు ఎంత వయసో ఆ పంతానికీ అంతే వయసు.

ఒకే ఊళ్లో ఉంటూ ఇంట్లోకి రాని తమ్ముడు. ఈ కచేరీ జరిగితే వాడు వస్తాడు. ఆ మాట అమ్మ పైకి అనలేదు కానీ, ఫోను వచ్చినప్పట్నుంచీ రెండుసార్లు గుమ్మం తుడిచింది. అది చూసిన పిచ్చుక, ఈ ఇద్దరితో సంతకం పెట్టించకపోతే తన పేరు పిచ్చుక కాదనుకుంది.

*

మావయ్య షాపులో ఆమె నేరుగా విషయంలోకి దిగింది. ఆయన ఒక అద్దాన్ని దీపానికెదురుగా పట్టుకుని చూస్తూ, నాన్న చెప్పిన చరిత్రే చెప్పాడు. తాతయ్య ఇంటి వెనక కారు షెడ్డులో మొదలవడం, ఇరుగుపొరుగు తిట్టడం, సెకండ్‌హ్యాండ్ ఆర్గన్‌ని నలుగురు మోసుకొస్తూ మెట్ల మీద ఇరుక్కుపోవడం, అన్నీ అవే. చెబుతుంటే ఆయన వేళ్లు కౌంటరు గాజు మీద ఆడుతున్నాయి. అక్కడా ఏడే. అది గమనించిన పిచ్చుకకు నవ్వాగలేదు.

"అన్నీ ఒకటే చెబుతున్నారు మావయ్యా. ఇక గొడవెక్కడ?"

"ఏడో దెబ్బ మీ నాన్న మింగాడని రాయి, గొడవే లేదు," అన్నాడాయన. "అది లేకపోతే నేను సంతకం పెట్టనమ్మా."

పిచ్చుక తల పట్టుకుంది. ఇద్దరికిద్దరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. బయల్దేరబోతుంటే మావయ్య ఒక డబ్బా చేతికిచ్చాడు, అమ్మ కొత్త కళ్లద్దాలట. పోయిన నెలేగా మార్చిందని పిచ్చుక అడిగితే, ఆయన అద్దం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఇంట్లో డబ్బా పెట్టడానికి పిచ్చుక అమ్మ సొరుగు తెరిస్తే అందులో చోటే లేదు. సొరుగు నిండా కళ్లద్దాలే. నల్ల చట్రాలు, గోధుమ రంగువి, గుండ్రటివి. అమ్మ సూదిలో దారం ఎక్కించేది మాత్రం ఏ అద్దాలూ లేకుండానే.

*

రెండు రోజుల తర్వాత కంపెనీ వాళ్లు పాత టేపుల నకళ్లు పంపారు. డ్రమ్ములు వేరే, ఆర్గన్ వేరే, బేస్ వేరే, పాట పాడిన మైకు వేరే. దొంగ దొరికినట్టేనని పిచ్చుక సంబరపడింది. డ్యూటీ అవ్వగానే స్టూడియో గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని డ్రమ్ములు విన్నది. ఆర్గన్ విన్నది. రెండూ పక్కపక్కన పెట్టి విన్నది. ఎవరూ ముందు దూకలేదు. ముగ్గురూ ఒక్క గుంపుగా, ఒకే క్షణంలో, ఎవరో చెప్పినట్టు దూకారు.

పాడిన మైకు ఒక్కటే మిగిలింది. మౌని ఊపిరి తీసుకుంటున్నాడు. అంతలో దూరంగా, మైకుకి బాగా వెనక, ఒక ఆడగొంతు. "అమ్మో" అని, వెంటనే ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు మీదే పాట దూకింది.

పిచ్చుక ఆ ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. ఆ నవ్వు ఆమెకు తెలుసు. పొద్దున లేస్తే వినే నవ్వు.

అమ్మకు స్టూడియోలో ఏం పని? నాన్న చెప్పిన చరిత్రలో అమ్మ లేదు. మావయ్య చెప్పినదాంట్లోనూ లేదు. ఆగలేక మౌనికి ఫోను చేసింది. అవతల ఎవరి పన్ను మీదో యంత్రం గిర్రుమంటోంది. అమ్మ అక్కడేం చేస్తోందని అడిగితే యంత్రం ఆగింది.

"ఆవిడ చెయ్యి లేపితేనే మాకు మలుపు తెలిసేది," అన్నాడు మౌని. అతని నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు రావడం పిచ్చుక ఎన్నడూ వినలేదు. తర్వాత యంత్రం మళ్లీ గిర్రుమంది.

*

ఆదివారం పిచ్చుక మావయ్యనీ మౌనినీ ఇంటికి పిలిచింది. చరిత్ర చదివి వినిపిస్తాను, నచ్చకపోతే కంపెనీకి వద్దని చెప్పేద్దాం అంది. మౌని ముందే వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. మావయ్య వచ్చాడు కానీ గుమ్మం బయటే, మెట్ల దగ్గర నిలబడిపోయాడు. కాగితం ఇస్తే అక్కడ్నించే చూస్తానన్నాడు. అమ్మ వంటగదిలోకి వెళ్లిపోయింది. గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడయ్యాయి.

పిచ్చుక చదవడం మొదలుపెట్టింది. ఆర్గన్ మెట్ల మీద ఇరుక్కున్న చోట గుమ్మం బయటా లోపలా ఒకేసారి నవ్వు వినిపించింది. ఇద్దరూ వెంటనే దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. కథ స్టూడియో దాకా వచ్చింది.

"నేను ఏడో దెబ్బకి కర్ర ఎత్తి ఉంచాను," అన్నాడు నాన్న. "ఆర్గన్ ఆరు మీదే లేచిపోయింది. నేనేం చెయ్యను, వెనకాల పరిగెత్తాను."

"నువ్వు దూకితే నేను దూకాను బావా. నువ్వు ఆగుంటే నేనూ ఆగేవాణ్ణి."

"అబద్ధం."

"నీకు డ్రమ్ముల కంటే నోరే బాగా మోగుతుంది."

నాన్న లేచి నిలబడ్డాడు. మావయ్య మెట్టు దిగబోయాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, అసలు ఏ దెబ్బ గురించి ఇదంతా అని అడిగింది.

"నీకు అర్థం కాదులే. ఇది బ్యాండు విషయం," అన్నాడు నాన్న.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ కాగితాలు ఇక్కడే చింపేస్తాను నాన్నా." పిచ్చుక కాగితాలు పైకెత్తింది. ఆమె ఇంట్లో గొంతు పెంచడం అదే మొదలు. "అరిచింది చాలు. ముందు ఇది వినండి. మావయ్యా, నువ్వు కూడా."

మౌని పాడిన మైకు టేపు వినిపించింది. ఊపిరి. "అమ్మో." నవ్వు.

అమ్మ చేతిలోని గుడ్డ జారిపోయింది. ఎడమచెయ్యి మెల్లగా కడుపు మీదికి వెళ్లింది.

"ఇది నువ్వే," అంది కూతురితో.

"నేనేంటమ్మా, అది నీ గొంతు."

"గొంతు నాదే. తన్నింది నువ్వు. నీకప్పుడు ఐదో నెల. అంతకుముందు కదిలినట్టే తెలియలేదు. సరిగ్గా అక్కడ, పడవలవాడి దగ్గర, ఒక్క తన్ను తన్నావు. నవ్వొచ్చింది. చెయ్యి దానంతటదే లేచిపోయింది."

అమ్మ భర్త వైపు, గుమ్మం వైపు మార్చి మార్చి చూసింది.

"దీని గురించా మీరు కొట్టుకున్నది? ఆర్గన్ అమ్మేద్దామని ఒకరు, వద్దని ఒకరు తగువు పడ్డారనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ కచేరీకి నన్ను కదలొద్దని ఇంట్లో ఉంచారు. ఏమైందని అడిగితే ఆయన బ్యాండు విషయమన్నారు. నిన్నడిగితే నువ్వూ అదే అన్నావురా."

"నీ చెయ్యి ముందు లేచిందని మాకెలా తెలుస్తుంది?" నాన్న గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదైంది. "నీ చెయ్యి తప్పు వెయ్యదు. ఒక్కసారి కూడా వెయ్యలేదు. అందుకే తప్పు వీడిదే అయ్యుంటుందనుకున్నా."

"నేనూ అంతే అక్కా," అన్నాడు మావయ్య. "నీ చెయ్యి తప్పదు. ఇక మిగిలింది బావే కదా."

తాతయ్య ఆ కుర్రాళ్లని కనిపెట్టుకుని ఉండమని షెడ్డులో కూర్చోబెడితే, గుండీలు కుట్టుకుంటూ పాటంతా బుర్రకెక్కించుకున్న పిల్ల అమ్మ. ముగ్గురికీ చేతులు ఖాళీ లేవు, మౌనికి నోరు కూడా ఖాళీ లేదు. లెక్క పెట్టేవాళ్లు ఒకరు కావాలి. ఆర్గన్ వెనక చిన్న పీట మీద కూర్చుని ప్రతి మలుపుకీ ఆమె చెయ్యి లేపేది. జనానికి కనపడేది కాదు. ఊపిరి ఆడుతోందని ఎవరైనా చెప్పుకుంటారా? అలాగే వీళ్లూ ఆమెను చరిత్రలో చెప్పడం మర్చిపోయారు. ఆమె లేని కచేరీలో పాట ఆగిపోయింది. దానికి కూడా ఒకరినొకరు తిట్టుకున్నారు.

"చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే," అంది పిచ్చుక, కళ్లు తుడుచుకుంటూ.

"చంకలో కాదు, కడుపులో," అన్నాడు మూలనుంచి మౌని.

అందరూ నవ్వారు, అమ్మ తప్ప. ఆమె లోపలికి వెళ్లి సొరుగు మొత్తం లాక్కొచ్చి, బల్ల మీద బోర్లించింది. కళ్లద్దాలు కుప్పగా పడ్డాయి.

"నవ్వడం తర్వాత. ముందు ఇవి చూడండి. నా తమ్ముణ్ణి చూసుకోవడానికి మీరిద్దరూ నాకు మిగిల్చిన దారి ఇది. కౌంటరుకి ఇవతల నేను, అవతల వాడు. అక్షరాలు కనపడ్డం లేదని అబద్ధం చెప్పడం, వాడు చదివించడం. నా కళ్లకి ఏ జబ్బూ లేదు."

"తెలుసక్కా," అన్నాడు మావయ్య. "మొదటిసారే తెలిసింది. అన్నిట్లోనూ మామూలు గాజే పెట్టాను. సరిపోయాయని చెబితే మళ్లీ రావేమోనని, ఇంకో నెలాగి చూద్దామనేవాణ్ణి."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన అక్క పక్కనే ఉన్నాడు. గడప ఎప్పుడు దాటాడో ఆయనకే తెలీదు. అమ్మ వాడి భుజం మీద ఒక్కటి చరిచి, ఆ భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చేసింది. నాన్న ఒక కుర్చీ లాగాడు. కూర్చోరా అన్నాడు. తప్పయిపోయిందని ఆయన నోట రాలేదు. కానీ తన కాఫీ కప్పు, ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ కప్పు, కడిగి తెచ్చి బావమరిది ముందు పెట్టాడు.

*

ఆ తర్వాత ఆ ఇంటికి నిద్ర లేదు, తీరిక లేదు. డ్రైవింగ్ స్కూలు షెడ్డులోని కార్లను బయట నిలబెట్టి, అక్కడ డ్రమ్ములు దించారు. మావయ్య సాయంత్రం కాకుండానే షాపు మూసి పరిగెత్తుకొచ్చేవాడు. అమ్మ పీట మీద కూర్చుని చెయ్యి లేపిందంటే, నెరిసిన తలలు మూడూ ఒక్కసారిగా కుర్రతలలైపోయేవి. ఐదులూ పదకొండులూ నూనె రాసినట్టు జారిపోయాయి.

చిక్కంతా పడవలవాడి దగ్గరే వచ్చింది. కంపెనీవాళ్లు రికార్డులో ఎలా ఉందో అలాగే కావాలన్నారు. కుర్రాళ్లు ఆ పోయిన దెబ్బ కోసమే ఊళ్లు దాటి వస్తున్నారు. అమ్మ చెయ్యేమో ప్రతిసారీ బుద్ధిగా ఏడో దెబ్బ అయ్యాకే లేస్తోంది. ఎన్నిసార్లు చేసినా అంతే.

"ఒప్పు చెయ్యమంటే చేస్తాను. కావాలని తప్పు చెయ్యమంటే నా చెయ్యి వినదు," అంది అమ్మ. కాసేపు ఆలోచించి, కచేరీ రోజున తన పక్కన ఇంకో పీట వేయమంది.

చరిత్ర ఈసారి ముగ్గురూ చదవకుండానే సంతకం పెట్టారు. నాలుగో సంతకం అమ్మది. మొదటి వాక్యం పిచ్చుక మార్చి రాసింది: "నీటి గడియారంలో వాయించినవాళ్లు ఐదుగురు. రికార్డు చేసేనాటికి వాళ్లలో ఒకరు ఇంకా పుట్టలేదు."

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. ఈసారి పీటలు ఆర్గన్ వెనక లేవు, వేదిక మధ్యలో, దీపాల కింద వేశారు. అమ్మ కళ్లద్దాలు లేకుండా వచ్చింది. సముద్రం వెనక్కి వెళ్లడం మొదలైంది. నాన్న కర్రలు నీళ్లలా ఉరికాయి, మావయ్య వేళ్లు వాటి వెంట పరిగెత్తాయి, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అమ్మ చేతినే చూశారు. మౌని పడవలవాణ్ణి ఒడ్డు దాటించి, తడిలేని నేల దాకా నడిపించాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆరో దెబ్బ పడింది. పిచ్చుక పక్క పీట మీద నుంచి కాలు చాపి, అమ్మ కాలిని మెల్లగా ఒక్క తన్ను తన్నింది.

"అమ్మో," అని నవ్వింది అమ్మ, హాలంతా వినేట్టు, చెయ్యి పైకి లేపుతూ.